ఎం.ఎం. శర్మ గారి పని అర్థం కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? (ప్యాక్డ్ కాలమ్ లెక్క సహా)

పిపెట్:
గ్యాస్–లిక్విడ్ రియాక్షన్ల మీద ఏ పేపర్ తెరిచినా కెమికల్ ఇంజనీర్ ఎం.ఎం. శర్మ గారి పేరు వస్తుంది. రాయల్ సొసైటీ ఫెలో అని, 71 మందికి పీహెచ్‌డీ గైడ్ అని అందరూ చెబుతారు. ఆయన చేసిన పని అసలేమిటో మాత్రం ఎవరూ విప్పి చెప్పరు. ప్రశ్నలు రెండు.

ఒకటి: పరిశోధకుడిగా, గురువుగా ఆయన ప్రత్యేకత ఏమిటి?

రెండోది: ఆయన పద్ధతిలోనే ప్యాక్డ్ కాలమ్ (రింగులు నింపిన నిలువు గొట్టం) ఇంటర్‌ఫేషియల్ ఏరియా, అంటే గ్యాస్, ద్రవం తాకే ఉపరితలం, కొలిచే ప్రయోగం ఇది. 20 సెం.మీ. వ్యాసం కాలమ్, 25 మి.మీ. సిరామిక్ రాషిగ్ రింగులు, 1 మీటరు ఎత్తు. పైనుంచి 1 మోలార్ కాస్టిక్ సోడా, కింద నుంచి సిలిండర్‌లోని కార్బన్ డయాక్సైడ్. లెక్క వేస్తే ఘనపు మీటరుకు 33 చదరపు మీటర్లే వస్తోంది. రింగుల పొడి ఉపరితలం దాదాపు 190. ఇంత తేడా ఎందుకు?

వాల్తేరు_కెమ్:
మొదటి ప్రశ్నకు నేను మొదలుపెడతాను, కాలమ్ సంగతి బుడగల_కాలమ్ గారు చూస్తారు.

శర్మ గారు 1937లో జోధ్‌పూర్‌లో పుట్టారు. చదువు బొంబాయి మాటుంగాలోని యూడీసీటీలో (యూనివర్సిటీ కెమికల్ టెక్నాలజీ విభాగం), అంటే ఇప్పటి ఐసీటీలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ). తర్వాత కేంబ్రిడ్జిలో పీటర్ డాంక్‌వర్ట్స్ దగ్గర 1964లో పీహెచ్‌డీ. అదే ఏడు తిరిగొచ్చి 27 ఏళ్లకే యూడీసీటీలో ప్రొఫెసర్ అయ్యారు. 1989 నుంచి 1997 దాకా అక్కడే డైరెక్టర్. 1990లో రాయల్ సొసైటీ ఫెలో. భారతీయ కెమికల్ ఇంజనీర్లలో ఆ గౌరవం మొదట దక్కింది ఆయనకే. 1987లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్.

ఇవి ఎక్కడైనా దొరికేవే. పని సంగతికి వద్దాం. కాలమ్‌లో గ్యాస్ ఎంత వేగంగా ద్రవంలోకి వెళుతుందో కొలిస్తే మనకు దొరికేది కేఎల్, ఏ అనే రెండింటి లబ్ధం. కేఎల్ అంటే ద్రవం వైపు మాస్ ట్రాన్స్‌ఫర్ గుణకం, ఏ అంటే ఘనపు మీటరుకు ఉన్న ఇంటర్‌ఫేషియల్ ఏరియా. రింగుల మధ్య పారే నీటి పొరకు ఎంత ఉపరితలం ఉందో కంటితో చూసి చెప్పలేం. లబ్ధాన్ని విడగొట్టకపోతే డిజైన్ అంతా అంచనాయే.

దీనికి మార్గం, రేటు ముందే తెలిసిన రియాక్షన్‌ను ఆ ద్రవంలో పెట్టడం. సోలలో ఎన్ని గింజలు పడతాయో తెలిస్తేనే కదా బస్తా లెక్క చెప్పగలిగేది. రియాక్షన్ తగినంత వేగంగా ఉంటే గ్యాస్ పీల్చుకునే రేటు ద్రవం ఎలా కదులుతోందన్న దానిపై ఆధారపడదు. అప్పుడు

చదరపు మీటరుకు రేటు = సీ* × √(డి × కే2 × బీ)

సీ* ఇంటర్‌ఫేస్ దగ్గర గ్యాస్ సాల్యుబిలిటీ (కరిగే మోతాదు), డి డిఫ్యూజివిటీ (ద్రవంలో గ్యాస్ ఎంత త్వరగా వ్యాపిస్తుందన్న కొలత), కే2 రేటు స్థిరాంకం, బీ కాస్టిక్ గాఢత. నాలుగూ తెలిసినవే. కాలమ్‌లో కొలిచిన మొత్తం రేటును దీనితో భాగిస్తే ఏ విడిగా వచ్చేస్తుంది. శర్మ, డాంక్‌వర్ట్స్ 1970లో ఈ రసాయన పద్ధతులన్నిటినీ ఒకచోట కూర్చి సమీక్ష రాశారు. కార్బన్ డయాక్సైడ్ క్షారాల్లోకి, అమీన్లలోకి ఎలా వెళుతుందన్న 1966 నాటి వారి సమీక్షను ఇప్పటికీ కార్బన్ క్యాప్చర్ పని చేసేవాళ్లు తీసి చదువుతున్నారు. మొదలుపెట్టడానికి అదే సరైన చోటు.

బుడగల_కాలమ్:
పిపెట్ గారూ, మీ కాలమ్‌లో తప్పేమీ లేదు. తప్పు సిలిండర్‌ది. పలచన చేయని గ్యాస్ వాడుతున్నారు.

వాల్తేరు_కెమ్ గారు ఇచ్చిన సూత్రానికి రెండు షరతులున్నాయి. రెండూ నిలబడితేనే అది చెల్లుతుంది. 25 డిగ్రీల దగ్గర వేసి చూడండి.

డి సుమారు 1.9 × 10⁻⁹ చ.మీ./సె. హైడ్రాక్సైడ్‌తో కే2 సుమారు 8,500 లీ./మోల్.సె. బీ = 1. అప్పుడు √(డి కే2 బీ) దాదాపు 4 × 10⁻³ మీ./సె. ప్యాక్డ్ కాలమ్‌లో కేఎల్ 10⁻⁴ మీ./సె. ప్రాంతంలో ఉంటుంది. రెండింటి నిష్పత్తి 40. దీన్నే హట్టా సంఖ్య అంటాం. 3 దాటితే చాలు కనుక మొదటి షరతు నిలబడింది.

రెండో షరతు: ఇంటర్‌ఫేస్ దగ్గర హైడ్రాక్సైడ్ అయిపోకూడదు. ఒక కార్బన్ డయాక్సైడ్‌కు రెండు హైడ్రాక్సైడ్‌లు కావాలి. కాబట్టి హట్టా సంఖ్య కంటే బీ/(2 × సీ*) చాలా పెద్దదిగా ఉండాలి. శుద్ధమైన గ్యాస్‌కు 1 అట్మాస్ఫియర్ దగ్గర సీ* 0.034 మోల్/లీ. అంటే 1/(0.068), సుమారు 15. 40 ఎక్కడ, 15 ఎక్కడ! ఇంటర్‌ఫేస్ దగ్గర కాస్టిక్ ఖాళీ అవుతోంది. లోపలి నుంచి కొత్త హైడ్రాక్సైడ్ వచ్చేదాకా గ్యాస్ ఆగాల్సిందే. అసలు ఎన్‌హాన్స్‌మెంట్ (రియాక్షన్ వల్ల రేటు ఎన్ని రెట్లు పెరిగిందన్నది) 13, 14 దగ్గర ఆగిపోయింది, మీరు 40 వేసి భాగించారు. అందుకే ఏరియా మూడో వంతుకు పడిపోయింది. మీ 33ను సరిచేస్తే 100 దగ్గరికి వస్తుంది. 25 మి.మీ. రింగులకు అది నమ్మదగిన అంకె.

గ్యాస్‌ను గాలితో 5 శాతానికి పలచన చేయండి. అప్పుడు బీ/(2 × సీ*) సుమారు 300, హట్టా సంఖ్యకు ఏడు రెట్లు పైనే.

ఒక సంగతి: కాస్టిక్ గాఢత తగ్గిస్తే షరతు సులువవుతుందని చాలామంది అనుకుంటారు. అది తలకిందులు. ఆ నిష్పత్తి బీ వర్గమూలంతో పెరుగుతుంది, కాబట్టి కాస్టిక్ పలచనైతే పరిస్థితి ఇంకా పాడవుతుంది. తగ్గించాల్సింది గ్యాస్ పాక్షిక పీడనం.

పిపెట్:
ఇదొక్కటే నాలుగు రోజుల పని తేల్చేసింది. గ్యాస్‌ను 5 శాతానికి పలచన చేస్తే గ్యాస్ వైపు రెసిస్టెన్స్ లెక్కలోకి రాదా? శుద్ధమైన గ్యాస్ వాడింది అది లేకుండా చేయడానికే.

బుడగల_కాలమ్:
వస్తుంది, అయితే చిన్నదే. ద్రవం వైపు కండక్టెన్స్ (రెసిస్టెన్స్‌కు విలోమం) 0.034 × 4 × 10⁻³, అంటే 1.36 × 10⁻⁴ కిలోమోల్/(చ.మీ. సె. అట్మా). గ్యాస్ వైపు 1.2 × 10⁻³ అనుకుంటే మొత్తం రెసిస్టెన్స్‌లో గ్యాస్ వాటా పదో వంతు. వదిలేస్తే 100 రావాల్సింది 90 వస్తుంది. కాబట్టి వదలకండి.

పరుగు మొదలుపెట్టే ముందు రావాల్సిన అంకె కాగితం మీద ఉండాలి. ఖాళీ కాలమ్ లెక్కన గ్యాస్ వేగం 0.3 మీ./సె., ఏ = 100 అనుకుంటే ln(లోపలికి/బయటికి) దాదాపు 1. అంటే 5 శాతం లోపలికి వెళితే బయటికి 1.8, 1.9 శాతం రావాలి. మీటరు 0.3 చూపిస్తే ఏరియా బాగుందని సంతోషించకండి, ముందు అనలైజర్ శాంపిల్ లైన్‌లో గాలి లీకుందేమో చూడండి.

ద్రవం వేగం 5 మి.మీ./సె. పెడితే మీ కాలమ్‌కు నిమిషానికి 9.4 లీటర్లు. కాస్టిక్ 16 శాతం ఖర్చవుతుంది, బయటికి 0.84 మోలార్ వస్తుంది. బీకి పై, కింది విలువల సగటు వేయండి. ద్రవాన్ని తిప్పి వాడొద్దు. పది నిమిషాల పరుగుకు 94 లీటర్లు, అంటే 3.8 కిలోల కాస్టిక్ ముందే కలిపి, చల్లార్చి పెట్టుకోవాలి. కరిగేటప్పుడు బాగా వేడెక్కుతుంది, ఆ వేడి మీదే ప్రయోగం చేస్తే కే2 ఏమిటో మీకే తెలియదు.

కార్బన్ డయాక్సైడ్ నిమిషానికి 28 లీటర్లు కావాలి. ఆ ప్రవాహానికి మామూలు రెగ్యులేటర్ మంచు కట్టి, ఫ్లో మెల్లగా పడిపోతుంది. హీటర్ ఉన్న రెగ్యులేటర్ పెట్టండి. లేదంటే రెండు సిలిండర్లు సమాంతరంగా కలపండి.

నా లెక్కలో ఉప్పు ప్రభావం వేయలేదు. 1 మోలార్ కాస్టిక్‌లో సాల్యుబిలిటీ నీటిలో కంటే నాలుగో వంతుకు పైనే తగ్గుతుంది. రిపోర్టులో తప్పక వేయండి.

గాజుగొట్టం:
గ్యాస్ అనలైజర్ ఒక్కదాన్నే నమ్మొద్దు. ద్రవం వైపు కూడా టైట్రేట్ చేసి రెండూ పోల్చండి. 5 శాతం లోపు కలవకపోతే ఆ పరుగు పారేయాలి.

ఫ్లాస్క్‌లో 10 మి.లీ. 10 శాతం బేరియం క్లోరైడ్ ముందే తీసిపెట్టుకోండి. కాలమ్ అడుగు నుంచి 10 మి.లీ. శాంపిల్ నేరుగా అందులోకి వదలండి. కార్బొనేట్ అంతా తెల్లగా అవక్షేపం అవుతుంది. వడకట్టకుండానే ఫినాల్ఫ్తలీన్‌తో, 0.5 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో టైట్రేట్ చేస్తే మిగిలిన కాస్టిక్ వస్తుంది. 0.84 మోలార్ అయితే బ్యూరెట్ 16.8 మి.లీ. చూపాలి. యాసిడ్ చుక్కచుక్కగా పోస్తూ బాగా కలపాలి. ఒకచోట ఎక్కువ పడితే అవక్షేపం కరిగి అంకె పెరుగుతుంది. ఈ ఫ్లాస్క్‌లో మిథైల్ ఆరెంజ్ వేయకూడదు. మొత్తం క్షారం కావాలంటే బేరియం లేని వేరే శాంపిల్‌లో వేయండి, తేడా కార్బొనేట్ అవుతుంది. శాంపిల్‌ను బీకర్‌లో వదిలేసి టీకి వెళితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ అందులో చేరుతుంది. బేరియం విషం, నోటితో పిపెట్ పీల్చే అలవాటుంటే ఇవాళే మానేయండి.

ఇక రేటు విడిగా సరిచూడటానికి స్టిర్డ్ సెల్ (ద్రవాన్ని తిప్పుతూ కొలిచే పాత్ర). 10 సెం.మీ. లోపలి వ్యాసం ఉన్న గాజు పాత్ర, నాలుగు బాఫిల్స్, ద్రవంలో ఒక స్టిరర్, అదే షాఫ్ట్ మీద గ్యాస్‌లో ఇంకొకటి. ఇంటర్‌ఫేస్ ఏరియా 78.5 చ.సెం.మీ., షాఫ్ట్‌కు అర చ.సెం.మీ. తీసేయాలి. ఇక్కడ ఏరియా ముందే తెలుసు కాబట్టి కెమిస్ట్రీ రేటు కొలవొచ్చు. ఉపరితలం అద్దంలా ఉండాలి, అల కనిపించిందంటే వేగం ఎక్కువైనట్టే. గాలిని పూర్తిగా తోలేయాలి, లేదంటే అది ఇంటర్‌ఫేస్ మీద పేరుకుని గ్యాస్‌ను అడ్డుకుంటుంది. నీటి ఆవిరి పీడనం తీసేయడం మరవద్దు. 35 డిగ్రీల గదిలో అది 42 మి.మీ. పాదరసం, అంటే 5.5 శాతం. మే నెలలో మన ల్యాబుల్లో ఫలితాలు ఎగుడుదిగుడుగా రావడానికి ఇదొక పెద్ద కారణం.

స్టిరర్ వేగం రెట్టింపు చేసినా రేటు మారకపోతే మీరు ఫాస్ట్ రెజీమ్‌లో ఉన్నారు, పై సూత్రం వాడొచ్చు. మారితే వాడకూడదు. పిపెట్ గారి శుద్ధ గ్యాస్ ప్రయోగాన్ని ఈ సెల్‌లో చేసి ఉంటే రేటు వేగంతో పెరిగేది, తప్పు గంటలో తెలిసేది. అయితే కాస్టిక్ సోడాకు ఈ సెల్ అంతగా పనికిరాదు. ఇక్కడ కేఎల్ 2 × 10⁻⁵ ప్రాంతంలోనే ఉంటుంది, ఇంటర్‌ఫేస్ మరీ త్వరగా ఖాళీ అవుతుంది. అంత వేగమైన రియాక్షన్లకు లామినార్ జెట్ (అలజడి లేకుండా పడే సన్నటి ద్రవధార) కావాలి. సెకనులో వందో వంతు కాంటాక్ట్‌కు కేఎల్ 5 × 10⁻⁴ వస్తుంది. సల్ఫైట్‌కు, కార్బొనేట్–బైకార్బొనేట్‌కు సెల్ చాలు.

వాల్తేరు_కెమ్:
కార్బొనేట్–బైకార్బొనేట్ ప్రస్తావన వచ్చింది కాబట్టి డాంక్‌వర్ట్స్ ప్లాట్ కూడా చెప్పాలి. ఒకే పరికరంలో కేఎల్, ఏ రెండూ విడివిడిగా ఇచ్చేది అదే. బఫర్ ద్రావణంలో క్యాటలిస్ట్ మోతాదు మార్చి మొదటి ఆర్డర్ రేటు స్థిరాంకం కే1ను మారుస్తాం. ప్రతి మోతాదుకూ (రేటు/సీ*) వర్గం తీసి కే1తో గీస్తే సరళరేఖ వస్తుంది. వాలు ఏ² × డి, నిలువు అక్షం మీద ఖండం (కేఎల్ × ఏ)².

కేఎల్ 10⁻⁴ ఉన్న కాలమ్‌లో కేఎల్² అంటే 10⁻⁸. కే1 = 5 అయితే డి × కే1 కూడా అంతే. అందుకని కే1 కనీసం 5, 6 దాకా పోవాలి. 1 లోపే ఆపితే గీత దాదాపు పడుకునే ఉంటుంది, వాలు చదవలేరు. పైన 50 దగ్గర మాత్రమే కొలిస్తే ఖండం సున్నాలో కలిసిపోతుంది.

పాత పేపర్లలో క్యాటలిస్ట్ సోడియం ఆర్సెనైట్. అది ఘోరమైన విషం, విద్యార్థుల ల్యాబులో పెట్టొద్దు, సింక్‌లో అసలే పోయొద్దు. హైపోక్లోరైట్ వాడొచ్చు. నిల్వలో బలం తగ్గుతుంది కాబట్టి ప్రతి పరుగుకు ముందు, తర్వాత అయోడోమెట్రీ చేయాలి.

పిపెట్:
సల్ఫైట్ పద్ధతి (గాలిలోని ఆక్సిజన్‌ను సోడియం సల్ఫైట్ పీల్చుకోవడం) వీటికంటే తేలిక కదా? గాలి ఊదితే చాలు, సిలిండరే అక్కర్లేదు.

బుడగల_కాలమ్:
తేలికగా కనిపిస్తుంది. 0.8 మోలార్ సోడియం సల్ఫైట్, కోబాల్ట్ సల్ఫేట్ క్యాటలిస్ట్, పీహెచ్ 7.5 నుంచి 8.5. చిక్కు ఎక్కడంటే, రాగి, ఇనుము, మాంగనీసు ఇసుమంత ఉన్నా రేటు మారిపోతుంది. సల్ఫైట్ బస్తా మారితే కైనటిక్స్ మారినట్టే. పేపర్లోని కే విలువ తెచ్చి వేయకూడదు. అదే బస్తా, అదే నీరు, అదే పీహెచ్‌తో గాజుగొట్టం గారు చెప్పిన సెల్‌లో ముందు కొలిచి, తర్వాత కాలమ్‌కు వెళ్లాలి. బుడగల కాలమ్‌లో ఇంకో ఇబ్బంది: ఉప్పు ద్రావణంలో బుడగలు కలిసిపోవు, చిన్నగానే ఉండిపోతాయి. అక్కడ వచ్చిన ఏరియాను మామూలు నీటికి అంటగడితే ఎక్కువ అంచనా వేసినట్టు.

ప్యాక్డ్ కాలమ్‌లోనూ ఇలాంటిదే ఒకటుంది. రింగుల సందుల్లో కొంత ద్రవం నిలిచిపోతుంది. ఫిజికల్ అబ్జార్ప్షన్‌లో (రియాక్షన్ లేకుండా గ్యాస్ కరగడంలో) అది త్వరగా సంతృప్తమై పనికిరాకుండా పోతుంది. 1 మోలార్ కాస్టిక్ అయితే అదే గుంట చాలాసేపు గ్యాస్ పీలుస్తూనే ఉంటుంది. కాబట్టి కాస్టిక్‌తో కొలిచిన 100ను నీటితో చేసే స్క్రబ్బర్ డిజైన్‌కు నేరుగా వాడకూడదు. ఈ తేడాను 1973లోనే జూస్టెన్, డాంక్‌వర్ట్స్ ఎత్తిచూపారు.

జీడిమెట్ల_షిఫ్ట్:
ఇదంతా కాలమ్‌ల గోల అనుకుని బల్క్ డ్రగ్ వాళ్లు దాటేయొద్దు. మన దగ్గర ఆటోక్లేవ్‌లో (పీడనం తట్టుకునే పాత్రలో) జరిగే ప్రతి హైడ్రోజినేషన్ ఇదే లెక్క. ల్యాబులో లీటరు ఆటోక్లేవ్‌లో 3 గంటల్లో అయ్యేది, 3,000 లీటర్ల రియాక్టర్‌లో 11 గంటలు తీసుకుంటే మొదట క్యాటలిస్ట్ సప్లయర్‌కు ఫోన్ వెళుతుంది. అది తప్పు దారి.

ముందు ఆర్‌పీఎం మార్చి చూడండి. హైడ్రోజన్ ఖర్చు రేటు పెరిగితే ఇబ్బంది గ్యాస్–లిక్విడ్ దగ్గర ఉంది. తర్వాత క్యాటలిస్ట్ లోడింగ్ మూడు, నాలుగు మోతాదుల్లో మార్చి, 1/రేటును 1/లోడింగ్‌తో గీయండి. నిలువు అక్షం మీద ఖండం గ్యాస్–లిక్విడ్ రెసిస్టెన్స్. వాలులో పార్టికల్ దగ్గరి రెసిస్టెన్స్, రియాక్షన్ రెండూ ఉంటాయి. ఖండమే మొత్తంలో 80 శాతం ఉంటే క్యాటలిస్ట్ రెట్టింపు చేసినా డబ్బు దండగ.

నైట్రో రిడక్షన్‌లో ఇది సమయం సంగతి ఒక్కటే కాదు. హైడ్రోజన్ చాలకపోతే హైడ్రాక్సిలమీన్ పేరుకుంటుంది. మోల్‌కు దాదాపు 550 కిలోజూల్స్ వేడి వచ్చే రియాక్షన్ అది. క్యాటలిస్ట్ పెంచి, మిక్సింగ్ అలాగే వదిలేయడం ప్రమాదం.

దీనికి మందు కూడా మాటుంగా నుంచే వచ్చింది. బోలు షాఫ్ట్ ద్వారా పైనున్న హైడ్రోజన్‌ను మళ్లీ ద్రవంలోకి లాగే గ్యాస్ ఇండ్యూసింగ్ ఇంపెల్లర్ల మీద జె.బి. జోషి, శర్మ 1977లో పేపర్ వేశారు. ద్రవం మట్టం పెరిగేకొద్దీ గ్యాస్ లాగడం మొదలయ్యే వేగం కూడా పెరుగుతుంది. బ్యాచ్ సైజు పెంచి ఆర్‌పీఎం అలాగే ఉంచితే ఇంపెల్లర్ ఉత్తినే తిరుగుతుంది, చప్పుడు మారడమే గుర్తు.

మాటుంగా_మెయిల్:
పిపెట్ గారి మొదటి ప్రశ్నలో గురువు సంగతి ఇంకా మిగిలే ఉంది. 71 అనే అంకె కంటే ఆ 71 మంది ఏం చేశారన్నదే నాకు ముఖ్యం.

ఆర్.ఎ. మాషేల్కర్ 1969లో శర్మ గారి దగ్గర పీహెచ్‌డీ చేశారు. బబుల్ కాలమ్‌లలో మాస్ ట్రాన్స్‌ఫర్ మీద వాళ్లిద్దరి పేపర్ 1970లో వచ్చింది. తర్వాత ఆయన పాలిమర్ల వైపు మళ్లి, పుణె ఎన్‌సీఎల్ (జాతీయ రసాయన ప్రయోగశాల) డైరెక్టరై, తర్వాత సీఎస్‌ఐఆర్‌ను (దేశవ్యాప్త ప్రయోగశాలలను నడిపే పరిశోధన మండలి) నడిపారు. జోషి బబుల్ కాలమ్‌లో ద్రవం ఎలా సుడులు తిరుగుతుందో లెక్కగట్టే దారిలో చాలా దూరం వెళ్లారు. జి.డి. యాదవ్ క్యాటలిసిస్‌లోకి వెళ్లారు. జోషి, యాదవ్ ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు ఆ సంస్థకే అధిపతులయ్యారు. గురువు గీసిన గీతలోనే అందరూ నడిచి ఉంటే ఇన్ని దారులు వచ్చేవి కావు.

శర్మ గారు కూడా ఒక్కచోట ఆగలేదు. మెటా క్రెసాల్ 202 డిగ్రీల దగ్గర, పారా క్రెసాల్ అంతకంటే డిగ్రీలో మూడో వంతు తక్కువలో మరుగుతాయి. డిస్టిలేషన్‌తో విడదీయడం దండగ. కానీ వాటి పీకేఏ (ఆమ్ల బలానికి కొలత, తక్కువైతే బలం ఎక్కువ) 10.09, 10.26. మిశ్రమానికి సరిపడా కంటే తక్కువ క్షారం ఇస్తే దాని కోసం రెండూ పోటీపడతాయి. కొంచెం బలమైన ఆమ్లం మెటా ఎక్కువగా లవణమై నీటి ఫేజ్‌లోకి పోతుంది, పారా ఎక్కువగా ఆర్గానిక్‌లో మిగులుతుంది. దీన్ని డిసోసియేషన్ ఎక్స్‌ట్రాక్షన్ అంటారు. క్షారం ఎక్కువ వేస్తే రెండూ నీటిలోకి పోయి సెలెక్టివిటీ చచ్చిపోతుంది. కాస్టిక్ కాలమ్‌కూ దీనికీ మూలం ఒకటే: రెండు ఫేజ్‌ల మధ్య రియాక్షన్‌ను పనిముట్టుగా వాడటం. ఎన్‌సీఎల్‌కు చెందిన ఎల్.కె. దొరైస్వామితో కలిసి 1984లో రెండు సంపుటాలు రాశారు. అందులో రెండోది ఫ్లూయిడ్–ఫ్లూయిడ్–సాలిడ్ వ్యవస్థలది. పీహెచ్‌డీకి వచ్చేవాళ్లు ముందు రెండోది చదవాలని నా అభిప్రాయం.

ఆయన వ్యవస్థల ఎంపిక చూడండి: క్రెసాల్స్, అమీన్లు, కార్బొనిల్ సల్ఫైడ్, రెజిన్ క్యాటలిస్ట్‌లు. అన్నీ పరిశ్రమలో నిజంగా ఎవరో ఒకరు తల పట్టుకున్నవే, పరికరాలు మాత్రం గాజువి, చవకవి. 1964 నాటి యూనివర్సిటీ బడ్జెట్‌లో ప్రపంచ స్థాయి పని అలా సాధ్యమైంది. మన ఆంధ్రా, ఉస్మానియా ల్యాబుల్లో ఇవాళ కూడా ఆ దారి మూసుకుపోలేదు. 2025 జూన్‌లో ఆయన విద్యార్థి ముకేశ్ అంబానీ ఐసీటీకి 151 కోట్ల రూపాయలు గురుదక్షిణగా ప్రకటించారు. వార్తలన్నీ ఆ అంకె చుట్టూనే తిరిగాయి. హట్టా సంఖ్య గురించి ఒక్క పత్రిక అయినా నాలుగు వాక్యాలు రాసుంటే బాగుండేది.

గైడ్‌గా ఉన్నవాళ్లకు ఒక మాట. కొత్త విద్యార్థికి మొదటి మూడు నెలలు కొత్త రియాక్షన్ ఇవ్వకండి. సమాధానం తెలిసిన వ్యవస్థ ఇచ్చి, ప్రచురితమైన అంకెకు 10 శాతం లోపు తెప్పించమనండి. పిపెట్ గారి 33 లాంటివి అక్కడే బయటపడతాయి, మూడో ఏడు థీసిస్ రాసేటప్పుడు కాదు.

పిపెట్:
అందరికీ ధన్యవాదాలు. సోమవారం పరుగు ఇలా: 5 శాతం గ్యాస్, 1 మోలార్ కాస్టిక్ 100 లీటర్లు ముందు రోజే కలిపి, గ్యాస్ 0.3 మీ./సె., ద్రవం 5 మి.మీ./సె., అడుగు నుంచి నిమిషానికో శాంపిల్. 1.8 శాతం, 16.8 మి.లీ. రెండూ బోర్డు మీద రాసిపెట్టాను. ద్రవం వేగం మార్చి ఇంకో పరుగు చేస్తే ఏ మారడం కనిపించాలి కదా?

బుడగల_కాలమ్:
కనిపించాలి. ద్రవం పెంచితే ఇంకొన్ని రింగులు తడిసి ఏ పెరుగుతుంది. 2.5, 5, 7.5 మి.మీ./సె. మూడూ చేయండి. 2.5 దగ్గర కాస్టిక్ ఖర్చు రెట్టింపు దాకా పోవచ్చు, అక్కడ గ్యాస్‌ను 3 శాతానికి దించండి. డిస్ట్రిబ్యూటర్ రంధ్రాలు ముందే శుభ్రం చేసుకోండి. కార్బొనేట్ గార పట్టి నాలుగు మూసుకుపోయినా మూడు పరుగుల్లోనూ ఏరియా తక్కువ వస్తుంది, కారణం మాత్రం కైనటిక్స్‌లో వెతుకుతూ కూర్చుంటారు.